రౌతు ఎడమ కాలు

రౌతుకి గుర్రం లేదు. కారుంది. ఆ కారు ఇంజన్‌లో ఎన్ని గుర్రాల బలం ఉందో పాలవాడికీ, పోస్ట్‌మ్యాన్‌కీ, తన కళ్ళద్దాల షాపులో గోడమీది అక్షరాలు చదవలేక తంటాలు పడేవాళ్ళకీ కూడా చెబుతూ ఉండేవాడు కాబట్టి, వీధంతా కలిసి ఆయనకా పేరు ఖాయం చేసింది. కంపెనీ ఇచ్చిన గుర్రాలు చాలవని, ఇంజన్‌ని నడిపే కంప్యూటరులో మార్పులు చేయించి మరో వంద గుర్రాలు కట్టించుకున్నాడు. అంత బలంతో ఎక్కడికి వెళ్తారని భార్య అడిగితే, వెళ్ళడానికి కాదు, ఉండటానికి అన్నాడు.

కొత్తగా వచ్చిన గుర్రాలు ముందుగా క్లచ్చుని తినేశాయి. ఇంజన్ బలాన్ని పట్టుకుని చక్రాలకి అందించాల్సిన క్లచ్చు పట్టు జారిపోవడంతో, కారు విమానంలా అరుస్తూ ఎడ్లబండిలా నడవసాగింది.

“క్లచ్చు పోయింది” అన్నాడు రౌతు ఇంటికొచ్చి, దిగులుగా.

“ఎక్కడికీ పోలేదు, అద్దం దగ్గరుంది. పొద్దున్నే జుట్టుకి పెట్టుకుని తీశాను” అంది భార్య.

ఆవిడ స్కూల్లో ఆటల టీచరు. సంగతి అర్థమయ్యాక ఒకే మాట చెప్పింది. ఇంటి పైకప్పు కారుతోంది, ముందు అది బాగుచేయించాలి, మిగిలినదాంట్లో ఏ క్లచ్చు వస్తే అదే. ఖరీదైన క్లచ్చు గురించి రౌతు వివరించబోతే, వానొస్తే దాన్ని నెత్తిన పెట్టుకుని పడుకుంటారా అని అడిగింది.

ఇక్కడ రౌతు మనసులో ఇంకో బాధ ఉంది. రోజూ పొద్దున్నే కారుని ఆవిడ స్కూలుకి తీసుకెళ్ళిపోతుంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి సీటు ముందుకి జరిగి ఉంటుంది, అద్దాలు ఆకాశం వైపు చూస్తుంటాయి, వెనక సీటులో వాలీబాల్స్ పిల్లల్లా కూర్చుని ఉంటాయి. ఇది నా కారు అని చెప్పే ధైర్యం ఆయనకి పెళ్ళయిన కొత్తలోనే పోయింది.

అలాంటి మనిషి ముందు మెకానిక్ చవక క్లచ్చులు రెండు పెట్టాడు. ఒకటి మెత్తటిది. కాలికి హాయిగా ఉంటుంది గానీ ఇన్ని గుర్రాలకి నెల తిరక్కుండా బూడిదవుతుంది. రెండోది పందెం కార్లకి వేసేది. పట్టుకుంటే వదలదు గానీ పెడల్ బండరాయిలా ఉంటుందని చెప్పి, ఆలోచించుకోమన్నాడు.

రౌతు కళ్ళు మెరిశాయి. “ఆడవాళ్ళు తొక్కలేరా?”

“మనుషులే తొక్కలేరు సార్.”

రౌతు తనకి కావలసినంత వరకే విన్నాడు. బండరాయినే బిగించమన్నాడు.

ఆ సాయంత్రం భార్య పక్కన కూర్చుని, మోకాళ్ళు ఎంత సున్నితమైనవో, వాటిని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో చాలాసేపు చెప్పాడు. చివరికి, కొత్త క్లచ్చు కాస్త గట్టిదనీ, ఇకనుంచి ఆవిడ స్కూలు బస్సులో వెళ్తే మంచిదనీ తేల్చాడు.

“క్లచ్చంటే పట్టూ ఉండాలి, విడుపూ ఉండాలి కదండీ?”

“ఇది పూర్తిగా పట్టే” అన్నాడు రౌతు గర్వంగా.

ఆవిడ ఆయన కాళ్ళ వైపు ఒకసారి చూసి, సరే మీ ఇష్టం అంది.

మర్నాడు కారు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయనకి మెకానిక్ మాటలోని రెండో సగం అర్థమైంది. పెడల్ నొక్కితే దిగదు. దిగిందా, వదలగానే కారు కప్పలా గెంతుతుంది. దారిపొడవునా అలా గెంతుకుంటూ వస్తుంటే, డ్రైవింగ్ స్కూలు కారొకటి జాలిపడి పక్కకి తప్పుకుని దారిచ్చింది. చివరి గెంతుకి ఇంటి గేటు పక్కన మూడు పూలకుండీలు ముక్కలయ్యాయి. ఎలా ఉందని భార్య అడిగితే, అద్భుతం అని చెప్పి, గోడ పట్టుకుని లోపలికి నడిచాడు.

కారు ఇప్పుడు పూర్తిగా ఆయనదే. దాన్ని తొక్కీ తొక్కీ ఎడమ కాలు మాత్రం ఆయనది కాకుండా పోయింది. షాపులో నిలబడితే అది దానంతటది వణికేది. కాలు వణికితే మనిషి వణికేవాడు, మనిషి వణికితే చేతిలోని అక్షరాల అట్ట వణికేది. అది చూసి చదవడానికొచ్చినవాళ్ళు తమ చూపే పోయిందని హడలిపోయి దళసరి అద్దాలు కొనుక్కుని వెళ్ళారు. ఆ వారం బేరాలు బాగా సాగాయి.

ఇలా ఉండగా అత్తగారొచ్చారు. రైలు దిగిన ఆవిణ్ణి భార్యతో కలిసి వెళ్ళి ఎక్కించుకుని వస్తుంటే, ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు పరుపుల లారీ. వెనక అంతులేని హారన్లు. గేరు వేసి, క్లచ్చు నొక్కిపట్టి ఉన్న రౌతు ఎడమ కాలు సరిగ్గా అప్పుడే కొంకర్లు పోయింది.

వదిలితే కారు పరుపుల్లోకి దూకుతుంది. నొక్కుదామంటే కాలు వినదు. రెండో కాలు కూడా వేశాడు. చాలలేదు. చేతులు వేద్దామని వంగి, అలాగే సీటులోంచి కిందికి జారి, స్టీరింగ్ కింద ముడుచుకుని పెడల్‌ని గుండెలకి హత్తుకున్నాడు.

వెనకనుంచి అత్తగారు కళ్ళజోడు సర్దుకున్నారు. “అల్లుడుగారేరమ్మా?”

“కింద ఉన్నారమ్మా.”

“కింద ఏం చేస్తున్నారు?”

“కారు నడుపుతున్నారు” అంది కూతురు. అని, నింపాదిగా హ్యాండ్‌బ్రేక్ లాగి, తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది.

తాళమనేది ఒకటుందన్న సంగతి రౌతుకి అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన్ని బయటికి లాగడానికి పరుపుల లారీవాళ్ళు కూడా సాయం పట్టారు. భార్య డ్రైవరు సీటులో కూర్చుంది. ఏళ్ళ తరబడి పిల్లలచేత గుంజీలు తీయిస్తూ తనూ తీసిన కాలు అది. పెడల్ చప్పుడు చేయకుండా దిగింది. కారు ఒక్కసారి గెంతింది, ఆ తరువాత బుద్ధిగా నడిచింది. వెనక సీటులో అత్తగారి పక్కన కూర్చున్న రౌతు కాలికి ఆవిడ నొప్పుల మందు రాశారు.

ఆ రోజునుంచి తాళం భార్య దగ్గరే ఉండిపోయింది. పెడల్‌ని ఒక్క కాలితో నొక్కగలిగిన రోజున తిరిగిస్తానని మాటిచ్చింది. దాంతో రోజూ పొద్దున్నే ఆవిడతోపాటు స్కూలు గ్రౌండుకి వెళ్ళి, ఆరో తరగతి వాలీబాల్ పిల్లల వరసలో చివర నిలబడి రౌతు గుంజీలు మొదలుపెట్టాడు. నడవండి బాబూ అని డాక్టరు ఎన్నాళ్ళుగా మొత్తుకున్నా కదలని మనిషి, క్లచ్చు కోసం గ్రౌండు చుట్టూ పరిగెత్తాడు. పొట్ట తగ్గింది. తొడలు గట్టిపడ్డాయి. పిల్లలు ఆయన్ని ‘కొత్తబ్బాయి’ అని పిలవడం ఒక్కటే కాస్త ఇబ్బంది.

ఒక సెలవురోజు ఉదయం, ఇవాళ నొక్కుతానని ప్రకటించాడు. వీధంతా కాలిబాట మీదికి వచ్చింది. రౌతు సీటులో కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఎడమ కాలు ఎత్తి పెడల్ మీద వేశాడు.

పెడల్ వెన్నలా దిగిపోయింది.

చప్పట్లు మోగాయి. రౌతు కిటికీలోంచి చెయ్యి ఊపి, తొడ చరుచుకున్నాడు. పక్కన భార్యని ఎక్కించుకుని బయలుదేరాడు. కారు గెంతలేదు. అదీ తన కాలి మహిమే అనుకున్నాడు. వీధి మలుపు దగ్గర, వెనకవాళ్ళకి వినిపించేలా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ అరవలేదు. చిన్నగా దగ్గినట్టు చేసి ముందుకు సాగింది.

రౌతు కారు ఆపాడు. “నా గుర్రాలేవీ?”

“కంపెనీవి ఉన్నాయి. మీరు తెచ్చినవి పంపించేశాను” అంది భార్య. కంప్యూటరుని మళ్ళీ మామూలు చేయించానని, అప్పుడు మెత్తటి క్లచ్చే నిక్షేపంగా సరిపోయిందని, పైగా అన్నిటికన్నా అదే చవకని నెమ్మదిగా చెప్పింది.

“ఎప్పుడు?”

“మీరు గుంజీలు మొదలుపెట్టిన వారంలోనే.”

రోజూ అదే కారులో వెనక సీటులో కునుకు తీస్తూ గ్రౌండుకి వెళ్ళివచ్చిన రౌతు నోరు తెరిచాడు. “మరి నాకెందుకు చెప్పలేదు?”

“బాగా చేస్తున్నారు కదండీ. మధ్యలో ఎందుకు చెడగొట్టడం?”

వెనక అద్దంలో వీధి జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. కిళ్ళీకొట్టాయన ఎవరికో తన తొడ చరిచి మరీ చూపిస్తున్నాడు. రౌతు వాళ్ళని కాసేపు చూసి, గొంతు తగ్గించాడు.

“వీళ్ళకి చెప్పకు.”

“చెప్పను” అంది ఆవిడ. “రేపు కొంచెం ముందే లేవండి. మీ జట్టుకి పోటీలున్నాయి.”

రౌతు తలూపి, మెత్తగా క్లచ్చు వదిలాడు.