ఐదడుగుల తాళ్ళ అర

సంచిలో ఆరో బనియను పెడుతుండగా కొలబద్దగారు పట్టుబడ్డారు. పడవల నమూనాలు గీసే ఆఫీసులో ముప్పయ్యేళ్ళు పనిచేసి, దిండు కొన్నా టేపు పెట్టి కొలిచే మనిషి కనుక వీధి ఆయనకు పెట్టిన పేరది.

“సాయంత్రానికి వచ్చేస్తానన్నారుగా. ఆరు బనియన్లెందుకండీ?” అంది భార్య.

“చెమట పడుతుందే.”

“స్వెట్టరో?”

“చెమట ఆరాక చలేస్తుంది.”

అసలు సంగతి వేరు. ఆయన స్వయంగా గీసి కట్టించిన నలభై రెండడుగుల మోటారు పడవ ఆ ఉదయమే మొదటిసారి సముద్రంలోకి పోతోంది. ఒకసారి డీజిలు నింపితే ఒడ్డు వెంబడి తొమ్మిది వందల మైళ్ళు తిరగగలదు. పరీక్ష పేరు చెప్పి, మెకానిక్‌ను వెంటబెట్టుకుని, మూడు వారాలు షికారు కొట్టి రావాలని పన్నాగం. వారం నుంచి ఆయన కాలు నేలమీద నిలవడం లేదు.

“నేనూ వస్తా.”

“ఎలా వస్తావే? పడకలు రెండే. నాకొకటి, మెకానిక్‌కొకటి.”

“సాయంత్రానికి వచ్చేవాళ్ళకి పడకలెందుకు?”

కొలబద్దగారు స్వెట్టరు మడత విప్పి మళ్ళీ మడత పెట్టారు.

“ముప్పయ్యేళ్ళు మీ ప్రతి పరీక్షకీ గట్టుమీద నిలబడి చెయ్యూపాను. పడవ కనబడకుండా పోయాక ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో నాకింకా తెలీదు. ఈసారి ఊపను,” అందావిడ.

రేవులో ఆయనకంటే ముందే పడవెక్కి, తిన్నగా వెనక భాగానికి వెళ్ళి, తాళ్ళు దాచే అర తెరిచి, దుప్పటి పరిచి పడుకుంది. ఒరలో కత్తి ఇమిడినట్టు సరిపోయింది.

“దీన్ని నేను మూడడుగులే గీశానే,” అన్నారాయన తెల్లబోయి.

“నేను నేలమీది గీతల ప్రకారమే కోశానండీ,” అన్నాడు సాగనంపడానికి వచ్చిన వడ్రంగి.

నిజమే. ఆయన పడవను అసలు కొలతల్లోనే తమ ఇంటి పొడవాటి హాలు నేలమీద సుద్దతో గీశారు. చుట్టాలొస్తే ఆ గీతల ఇంజను గదిలోనే కుర్చీ వేసేవారు. వడ్రంగి కొలతలన్నీ ఆ గీతల మీదే తీసుకున్నాడు. ఆ ఏడాదంతా ఆ నేల తుడిచింది మాత్రం ఆవిడ.

“తడిగుడ్డ తగిలి ఓ గీత చెరిగిందండీ. పక్కన పడుకుని చూసుకుని మళ్ళీ గీశాను.”

“ఐదడుగుల రెండంగుళాలమ్మా,” అన్నాడు వడ్రంగి గౌరవంగా.

పడవంతా వెయ్యిసార్లు కొలిచిన కొలబద్దగారు, తాళ్ళకు కొలతెందుకని ఆ ఒక్క అరనే వదిలేశారు.

ఇంజను గర్జించింది. ఆవిడ చుక్కాని చక్రం పట్టుకుని, పద్దెనిమిదేళ్ళ పిల్లలా నవ్వింది. మళ్ళీ వదల్లేదు. ఆయన “కుడికే” అంటే ఆవిడ “తెలుసండీ” అని ఎడమకు తిప్పేది. మధ్యలో నలిగింది మెకానిక్.

పందొమ్మిదో రోజున పడవ క్షేమంగా రేవు చేరింది. చక్రం దగ్గర ఆవిడ ఉంది. ఇంజను గదిలోంచి మసి మొహంతో, తలవంచుకుని కొలబద్దగారు పైకొచ్చారు.

మెకానిక్ తిరిగి రాలేదు. మూడో రోజు ఉదయం ఎనిమిదింటికి, మంచినీళ్ళు పట్టుకోవడానికి ఆగిన రేవులో, “ఇప్పుడే వస్తా” అని దిగాడు.