ప్రెస్ వస్తోంది

బుధవారం పొద్దున్నకి అచ్చయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి సైటుకి వెళ్ళడం, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం, పదింటికి వచ్చే వ్యానుని వచ్చిన దారినే తగిలెయ్యడం.

బాగన్ దాతుక్ ఊరి అవతల కడుతున్న కొబ్బరిపాల ఫ్యాక్టరీలో పైపుల పనికి అతనే మేస్త్రీ. ముప్ఫయ్యొక్క ఏళ్ళ వెల్డింగు అనుభవం, అంతకన్నా పాతదైన కోపం అతని ఆస్తులు. తోటల ఎస్టేట్ల నుంచి తనే తెచ్చి, చెయ్యి పట్టుకుని పని నేర్పిన ఆరుగురు వెల్డర్లు అతని కింద ఉన్నారు. పని మూడు వారాలు వెనకబడింది. దానికి కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఇంజనీరు యోగేశ్వరి ఒక మందు కనిపెట్టింది. దాని పేరు ప్రెస్. పైపుల కొసలకి కాలరు లాంటి ముక్క తొడిగి, బ్యాటరీ యంత్రం దవడల మధ్య పెట్టి మీట నొక్కితే నాలుగు సెకన్లలో అతుకు పడిపోతుంది. నిప్పు లేదు, పొగ లేదు, వెల్డరు అసలే అక్కర్లేదు. ఆ సంగతంతా రాసి అచ్చయ్య బల్ల మీద పెట్టింది. మొదటి పేజీలో ‘వెల్డింగ్‌కు బదులు ప్రెస్’ అన్నచోట అచ్చయ్య చదవడం ఆపేశాడు. ఆ తరవాత చదవడానికి అతని కళ్ళకి ఏమీ కనిపించలేదు.

మంగళవారం మధ్యాహ్నమే అచ్చయ్య ఆఫీసు గుమాస్తా ముగిలన్‌కి ఫోను చేశాడు. ముగిలన్ తమిళుడు. తెలుగు సగం అర్థమవుతుంది, అచ్చయ్య అరిస్తే పావు అర్థమవుతుంది.

“ముగిలా! రేపు పదింటికి ప్రెస్ వొస్తాది. గేటుకాడే ఆపీ!”

“ప్రెస్సా అన్నే? ఎందుకు?”

“మన పరువు తియ్యడానికి! ఆరుగురి పొట్ట కొట్టడానికి! లోపలికి రానిచ్చినావంటే నీ కాళ్ళిరగ్గొట్టీగలను లా!” మాట చివర ‘లా’ తగిలించడం అక్కడివాళ్ళందరి అలవాటు.

ముగిలన్ ఫోను పెట్టేసి, కాళ్ళు బాగుండగానే యజమాని ప్రేమ్‌నాథ్ గదికి పరిగెత్తాడు.

“సార్, రేపు పదింటికి ప్రెస్ వొస్తున్నారంట. మన పరువు తీస్తారంట. అచ్చయ్య అన్నే గేటు మూసెయ్యమంటున్నారు.”

ప్రేమ్‌నాథ్‌కి చెమట పట్టింది. పని వెనకబడిందని పేపరువాళ్ళకి ఎవరో చెప్పేశారన్నమాట. “గేటు మూసేస్తే మూసేసిన గేటునే ఫోటో తీస్తారు! గేటు తీసి దండలెయ్యండి. పందిరెయ్యండి. కడుపునిండా తిన్నోడు చెడ్డగా రాయలేడు” అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఆ ప్రాంతపు శాసనసభ్యుణ్ణి కూడా పిలిచాడు. ఆయన్ని అందరూ వైబీ అంటారు. వైబీ పక్కన నిలబడి నవ్వుతూ ఉంటే ఏ పేపరువాడైనా ఏం రాస్తాడు?

బుధవారం ఏడింటికి అచ్చయ్య మోటారుసైకిలు దిగేసరికి అతని వెల్డింగు బల్ల మీద తెల్లటి పందిరి ఉంది. ఆరుగురు వెల్డర్లూ తల దువ్వుకుని, కొత్త పసుప్పచ్చ చొక్కాల్లో వరసగా నిలబడి ఉన్నారు. ముగిలన్ చేతుల్లో మల్లెదండలు.

“ఇదేటిది? పెళ్ళా, సావా?”

“ప్రెస్ కోసం అన్నే. సార్ చెప్పారు.”

అచ్చయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు తోసుకుని ప్రేమ్‌నాథ్ గదిలోకి దూసుకుపోయాడు.

“పిల్లల బతుకు పోతంటే ప్రెస్‌కి దండలేటి సార్? ముప్ఫయ్యొక్కేళ్ళు పని సేసినాను, నాకొక మల్లిమొగ్గ ఇచ్చినారేటి?”

“నీ కోపం తరవాత, అచ్చయ్యా. ఇవాళ ప్రెస్‌ని మంచి చేసుకోవాలి. నవ్వుతూ ఉండు. నాసి లెమాక్ తెప్పించాను, దగ్గరుండి వడ్డించు.”

“దానికి కొబ్బరిపాల అన్నం కూడానా!”

అచ్చయ్య పళ్ళు నూరుకుంటూ బయటికి వచ్చాడు. కనీసం ఒక్క అతుకైనా వెలిగించి పంతం నెగ్గించుకుందామని మాస్కు అందుకున్నాడు. యోగేశ్వరి అడ్డుపడింది.

“గుడ్డపందిరి కింద నిప్పు కూడదు మావయ్యా. పందిరి తీసేదాకా వెల్డింగ్ బంద్.”

“సూసినావా? అంతా కూడబలుక్కునే సేసినారు!” అని మాస్కుని నేలకేసి కొట్టాడు. మాస్కు గెంతుకుంటూ వెళ్ళి నాసి లెమాక్ గిన్నె దగ్గర ఆగింది.

సరిగ్గా పదింటికి గేటు కావలివాడు “ప్రెస్!” అని కేక పెట్టాడు. ప్రేమ్‌నాథ్ పిలిపించిన మేళం మొదలైంది. చిన్న వ్యానులోంచి జయమణి అనే ఆవిడ బరువైన పెట్టె మోస్తూ దిగింది. యంత్రాలు అమ్మే దుకాణం మనిషి. ఆవిడ రెండో కాలు నేల మీద పెట్టకముందే మెడలో దండ పడింది. ప్రేమ్‌నాథ్ చేతులు జోడించాడు.

“రండమ్మా, రండి. ఏ పేపరు?”

“ఈ పేపరే సార్” అని ఆవిడ జేబులోంచి డెలివరీ కాగితం తీసింది. “ప్రెస్ మెషీను ఒకటి. ఇక్కడ సంతకం పెట్టండి.”

మేళం ఆగింది. ప్రేమ్‌నాథ్ ముగిలన్ వైపు చూశాడు. ముగిలన్ అచ్చయ్య వైపు చూశాడు. అచ్చయ్యకి అప్పుడు వెలిగింది, వెలగడంతో కోపం రెండింతలయింది.

“ప్రెస్ అంటే ప్రెస్సే గాని పేపరోళ్ళనుకున్నావేట్రా! నీ సెవుల్లో ఏటి పోసుకున్నావు?”

“మీరు ‘మెషీను’ అనలేదు కదా అన్నే!”

“నువ్వడిగినావా?”

వాళ్ళిద్దరూ తేల్చుకునేలోగా వైబీ కారు గేట్లోకి తిరిగింది. వచ్చినాయనకి ఏదో ఒకటి చూపించాలి. ప్రేమ్‌నాథ్ ఆ యంత్రాన్ని తీసి అచ్చయ్య చేతుల్లో పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. “ఇది నీవల్ల వచ్చింది. నువ్వే చూపించు.”

అచ్చయ్య చూపించాడు. అతని జన్మలో అంత కోపంగా ఎప్పుడూ పని చెయ్యలేదు. జయమణి ఒక్కసారి చెప్పింది, అంతే. కాలరు తొడగడం, దవడ పెట్టడం, నొక్కడం. ఒక్కొక్క అతుక్కీ ముగిలన్‌ని ఒక్కొక్క తిట్టు. పావుగంటలో పన్నెండు అతుకులు పడ్డాయి. అదే వెల్డింగయితే సాయంత్రమయ్యేది. ఆ లెక్క బుర్రలోకి రాగానే అచ్చయ్యకి తన చేతుల మీదే కోపం వచ్చింది.

నీళ్ళు వదిలారు. వైబీ ముచ్చటపడి దగ్గరగా వంగాడు. తొమ్మిదో అతుకులోంచి నీళ్ళు బాణంలా చిమ్మి ఆయన బాటిక్ చొక్కాని మెడ నుంచి బొడ్డు దాకా తడిపేశాయి.

ప్రేమ్‌నాథ్ కళ్ళు మూసుకున్నాడు. అచ్చయ్య మాత్రం రెండు చేతులూ పైకెత్తాడు. “సూసినారా! నాను సెప్పలేదేటి? వెల్డింగయితే ఇలగ కారునా?”

యోగేశ్వరి ఆ అతుకుని రుమాలుతో తుడిచి చూసింది. “నొక్కిన అతుకు మీద ఆరు పలకల ముద్ర పడుతుంది మావయ్యా. దీని మీద లేదు. మీరు నొక్కలేదు.”

నిజమే. తొమ్మిదో అతుకు దగ్గర తిట్టు బాగా కుదరడంతో ముగిలన్ వైపు తిరిగి పూర్తిగా తిట్టాడు. తిరిగి వచ్చి పదోది నొక్కాడు. ఇప్పుడు నోరెత్తకుండా యంత్రం తీసుకుని, మొహాన నీళ్ళు కొడుతూ ఉండగానే నొక్కాడు. నాలుగు సెకన్లు. ధార ఠక్కున ఆగింది.

వైబీ తడిచొక్కాతోనే చప్పట్లు కొట్టాడు. ముందు కారేట్టు చేసి, తరవాత ఆపి చూపించడం చాలా బాగుందన్నాడు. ఇలాంటి ప్రదర్శన తను ఎక్కడా చూడలేదని చెప్పి, రెండుసార్లు వడ్డించుకుని తిని వెళ్ళాడు.

కారు కనుమరుగయ్యాక అచ్చయ్య యోగేశ్వరి ముందు నిలబడ్డాడు. గొంతు ఇంకా గరగరలాడుతూనే ఉంది.

“సరే, నీ మెసీను గెలిసింది. నా ఆరుగురు పిల్లల్నీ ఎప్పుడు పంపించేస్తావో సెప్పు.”

ఆమె తెల్లబోయింది. “ఎవరు పంపిస్తారు మావయ్యా? ప్రెస్ చల్లనీళ్ళ పైపులకే. పాలు పారే పైపుల్లో సన్న సందున్నా మురికి చేరుతుంది, అవన్నీ వెల్డింగే. మీ వాళ్ళు ఆ పని మీదే ఉంటే టైముకి అయిపోతుందని కదా ఈ తిప్పలు! ఇంకో నలుగురు వెల్డర్లు కావాలని కూడా అడిగాను. రెండో పేజీలో రాశాను లా.”

“అలాటిది మొదటి పేజీలో రాయాల!” అని అచ్చయ్య గట్టిగా అరిచి, పందిరి గుంజలు తనే పీకడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రమే పాల పైపుల మీద ఆరు మంటలూ వెలిగాయి.

నెల తిరిగేసరికి ప్రేమ్‌నాథ్ అతన్ని ఇంకో సైటుకి పంపాడు, ప్రెస్ పని నేర్పడానికి. అక్కడి మేస్త్రీ యంత్రాన్ని ముట్టుకోనని భీష్మించుకు కూర్చున్నాడు. అచ్చయ్య యోగేశ్వరికి ఫోను చేసి మండిపడ్డాడు. “ఈ ముసిలోళ్ళకి ఎలగ సెప్పినా బుర్రకెక్కదే అమ్మా!”

ఆ ముసలాయన అచ్చయ్య కన్నా రెండేళ్ళు చిన్న.