పేడపురుగింటికి దత్తత

పురుగుకు పేరిచ్చినవాడే పుణ్యాత్ముడు! నవ్వకండి. ఆసుపత్రి ఫ్యాను రెక్కల మీద పేరు రాయించుకునే దాతను చూసి మీరు పళ్లు నూరతారు. నేను జాలిపడతాను. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు, ఆగితే పరువు దక్కదు. పురుగుతో ఆ బాధ ఉందా?

పూర్వం మొక్కలకు లాటిన్‌లో లైనెడేసి పేర్లుండేవట. పిలిచేలోపు మొక్క ఎండిపోయేదేమో! రెండున్నర శతాబ్దాల కిందట ఓ శాస్త్రవేత్త ఆ తోకలు కోసేసి, ప్రాణికి రెండే మాటలు ఖాయం చేశాడు. ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. అచ్చం మనలాగే! పైగా తనను తిట్టిన పండితుడి పేరు ఓ జిగురు కలుపుమొక్కకు తగిలించాడట. ఇంతకంటే నాగరికమైన పగ ఉందా?

పురుగుల మీద పరిశోధన చేసే నా బావమరిది మొన్న ఫోన్ చేశాడు. "బావా, కొత్త పురుగు దొరికింది. నీ పేరు పెడుతున్నా."

సీతాకోకచిలుకని నేనే తేల్చేశాను. ఆఫీసంతా చెప్పాను. రెక్కలు నీలం రంగని కూడా అన్నట్టు గుర్తు.

ఫొటో వచ్చింది. పేడపురుగు! వెనక్కాళ్లతో ఉండ నెడుతోంది. ముందు దాని ఇంటిపేరు, పక్కన నా పేరు. మాటమాత్రం అడక్కుండా నన్ను పేడపురుగింటికి దత్తతిచ్చేశారు! అసలు పేడెత్తే పని తప్పించుకోవడానికేగా నేను కాలేజీలో చేరింది?

"మీ తమ్ముడు కక్ష తీర్చుకున్నాడు" అన్నాను మా ఆవిడతో.

ఆవిడ ఫొటో చూసింది, నన్ను చూసింది. "వాడి మొహం, వాడికి కక్షలేం తెలుసు! అయినా అది పొద్దస్తమానం ఒళ్లొంచి పనిచేస్తుందట కదండీ. నామర్దా దానికి కాదూ?"

రేపు ఆఫీసులో మొహమెలా చూపించను? ఫోనందుకున్నాను. "ఒరేయ్, నా పేరు తీసెయ్!"

"సరే బావా. ఇంకా అచ్చు కాలేదులే. అచ్చయితే మాత్రం మనం పోయినా పేరు పోదు. మీ కింద వాటా లాయరుగారు ఎప్పట్నించో అడుగుతున్నారు, ఆయనది పెట్టేస్తా."

కింద వాటా లాయరా! మా గేటుకు అడ్డంగా కారు పెట్టే మనిషి చిరంజీవి కావడమా?

పాఠకులారా, నేను పేపర్లో రాసినవన్నీ మర్నాటికి మీ ఇళ్లలో అల్మారా అరల్లో పరుపులవుతాయని నాకు తెలియదనుకున్నారా?

"ఆగరా! పేడైతేనేం... స్పెల్లింగు మాత్రం జాగ్రత్త. మా పేపరువాళ్లు ఎప్పుడూ ఓ అక్షరం మింగేస్తారు."