రైట్ అంటే కుడి కాదు

ఆదివారం పొద్దున సాయిరాం వేసుకున్న పథకంలో అనుమానించడానికి ఏమీ లేదు. నిజామాబాద్‌లో బయలుదేరాలి. బోధన్ దాటి, రుద్రూర్ చెరుకు తోటల మధ్య బండిబాటల్లో జీపు తిప్పాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరాలి. కానీ ఏమీ లేని చోట కూడా అనుమానించగల మనిషి పక్క సీట్లో కూర్చుంది. ఆమె అతని మేనత్త భాగ్యలక్ష్మి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైంది.

రాజస్థాన్ ఎడారిలో జరిగే కార్ల ర్యాలీ పోటీకి వాళ్లిద్దరూ కొత్త టీమ్‌గా పేరిచ్చారు. అక్కడ రోడ్డుండదు. ఫోన్‌లో మ్యాప్ చూడకూడదు. పక్కనున్న మనిషి దిక్సూచి చూసి దారి చెబుతుంటే డ్రైవరు నడపాలి. కొత్తవాళ్లకు ఉన్నది ఒక్కటే సీటు. హైదరాబాద్ క్లబ్బు మనిషి ఒకరు వచ్చి చూస్తారన్నారు. ఎప్పుడొస్తారో చెప్పలేదు.

ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం నడిపే సాయిరాంకు ఇది సరదా. భాగ్యలక్ష్మికి కాదు. ఉద్యోగమంతా నిజామాబాద్ నుంచి బోధన్‌కు, బోధన్ నుంచి నిజామాబాద్‌కు తిరిగిన మనిషి ఆమె. "తొవ్వనే లేని జాగ ఒకటున్నదట. సచ్చేలోపట ఒక్కపారి గాడ తిరగాలెరా" అని ఆమే మేనల్లుడి వెంటపడి పేరిప్పించింది.

"ఫోన్లు డబ్బల వెట్టు," అంది, ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకుని జీపు ఎక్కగానే.

"గిది ప్రాక్టీసే గదా అత్తా."

"ప్రాక్టీసుల దొంగతనం జేసేటోడు పరీక్షల గూడ జేస్తడు. వెట్టు."

రెండు ఫోన్లూ స్టీలు టిఫిను డబ్బాలోకి వెళ్లాయి. మూత బిగిసింది.

రుద్రూర్ దాటాక చెరుకు రెండు పక్కలా గోడలా లేచింది. పైన ఆకాశం, ముందు మట్టిబాట తప్ప ఏమీ కనిపించడం లేదు. భాగ్యలక్ష్మి దిక్సూచిని వదిలేసి అద్దంలో చూస్తోంది.

"సాయీ, గా తెల్ల బొలెరో బోధన్ కాడికెంచి మన ఎన్కనే ఉన్నది."

"రోడ్డన్నంక బండ్లు రావా?"

"గిది రోడ్డారా? మనం ఆగితే ఆగుతున్నది, కదిల్తే కదులుతున్నది. నంబరు సూడు, మన జిల్లాదే. ధర్పల్లోల్లు గూడ పేరిచ్చిండ్రని విన్న. మన పద్ధతి దొంగిలించెతందుకు వచ్చిండ్రు."

"మనకు పద్ధతేడున్నది అత్తా?"

"అది ఆళ్లకు తెల్వదు గద!"

అప్పుడే టిఫిను డబ్బాలో సాయిరాం ఫోను మోగింది. అద్దంలో చూస్తే బొలెరోలోని మనిషి చెవి దగ్గర ఫోనుంది.

"నీ నంబరు గూడ సంపాయించిండు," అంది భాగ్యలక్ష్మి గొంతు తగ్గించి. "ఎత్తకు. ఉరికియ్యి!"

సాయిరాం ఉరికించాడు. బొలెరో కూడా ఉరికింది. డబ్బా మోగుతూనే ఉంది. ముందు బాట రెండుగా చీలింది. ఒకటి నేరుగా పోతోంది, ఇంకొకటి ఎడమకు. భాగ్యలక్ష్మి దిక్సూచి చూసింది. నేరుగానే పోవాలి. సగం బయటికి వంగి, జీపు తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, పాత కండక్టరు గొంతుతో కేక పెట్టింది.

"రైట్, రైట్!"

సాయిరాం కుడికి తిప్పాడు. కుడివైపు బాట లేదు. ఆశన్న అనే రైతు చెరుకు తోట ఉంది.

"హోల్డాన్! హోల్డాన్!"

సాయిరాం పళ్లు బిగించి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఇంకా తొక్కాడు. చెరుకు పటపటమంటూ రెండు పక్కలా ఒరిగింది. చివరికి ఒక బోరు మోటారుకు జానెడు దూరంలో జీపు తనంతట తానే ఆగిపోయింది.

ఇన్నాళ్లూ వాళ్ల సాధనంతా ఇంటి ముందు నిలబెట్టిన జీపులోనే జరిగింది. అందుకే ఈ చిక్కు ఎప్పుడూ బయటపడలేదు.

"కుడికెందుకు తిప్పినవ్‌రా?"

"నువ్వే గద రైట్ అన్నవు!"

"రైటంటే పో అని! నా సర్వీసుల ఒక్క డ్రైవరన్న రైటంటే కుడికి తిప్పిండా?"

"మరి హోల్డాన్?"

"ఆపుమని!"

"రేసు వీడియోలల్ల గట్టిగ పట్టుకొమ్మని అత్తా!"

వెనక మళ్లీ పటపటమని చప్పుడైంది. బొలెరో కూడా తోటలోకి దూరి, తడి మట్టిలో చక్రాలు కూరుకుపోయి నిలిచింది. "సూసినవా, చెర్కుల గూడ ఇడుస్తలేడు," అంది భాగ్యలక్ష్మి.

ఆశన్నకు ఆ మోటారు మీద ప్రత్యేక శ్రద్ధ ఉంది. దాని రాగి తీగ మొన్ననే ఎవరో కోసుకుపోయారు. కొత్త తీగ వేసి, ఆ పొద్దంతా గట్టు మీద కూర్చుని కాపలా కాస్తున్నాడు. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు తోటను చీల్చుకుంటూ వచ్చి సరిగ్గా మోటారు దగ్గరే దిగితే ఏమనుకోవాలి? ఫోను తీసి ఊరి గ్రూపులో దొంగలొచ్చారని ఒక మాట చెప్పాడు. ఆ మాట రెండిళ్లు దాటేసరికి ముఠా అయింది. నాలుగిళ్లు దాటేసరికి మహారాష్ట్ర ముఠా అయింది. జనం కొడవళ్లతో చేరుకునేసరికి ఆ ముఠాకు నాయకురాలు ఒక ఆడమనిషని కూడా తేలిపోయింది.

గుంపులో ఒకతను తెలివిగా మరాఠీలో అడిగాడు.

"కుఠూన్ ఆలాత్?"

ఎక్కడి నుంచి వచ్చారని. బోధన్‌లో దిగే మహారాష్ట్ర దెగ్లూర్ ప్రయాణికులతో ఏళ్ల తరబడి మాట్లాడిన నాలుక ఆగలేదు.

"నిజామాబాదహూన్," అంది భాగ్యలక్ష్మి.

"దొరికిండ్రు! మరాఠీ వస్తది!"

"అన్నా, మేం దొంగలం గాదు," అన్నాడు సాయిరాం. "ఎడారిల పోటీకి నేర్సుకుంటున్నం."

"ఎడారికి చెర్కుతోటల నేర్సుకుంటర్రా?" ఆశన్న కొడవలి చేయి మార్చాడు. "ఈతకు అటకెక్కుతవా?"

"ఆడ ఎటు సూసినా ఇసుక, ఈడ ఎటు సూసినా చెర్కు," అంది భాగ్యలక్ష్మి. "తొవ్వ దొర్కకపోవుడు రెండింట్ల ఒక్కతీర్గనే ఉంటది."

ఇంతలో బొలెరో మనిషిని రెక్కలు పట్టుకుని తెచ్చారు. మోకాళ్ల దాకా మట్టి. అతను నిజమే చెప్పాడు.

"నా పేరు అనిల్‌కుమార్. హైదరాబాద్ నుంచి వచ్చాను. బోధన్‌లో ఈ బండి కిరాయికి తీసుకున్నాను. వీళ్లకు తెలియకుండా వీళ్లను గమనిస్తున్నాను."

ఏ ఊళ్లోనూ ఎవరినీ కాపాడే మాట కాదది.

"నిజం దొంగ గీయననే!" అంది భాగ్యలక్ష్మి. "పొద్దుగాలకెంచి మా ఎన్క వడ్డడు. ఫోన్లు గూడ జేసిండు."

"మీరు దారి తప్పారని చెబుదామనే చేశానమ్మా!"

రెక్కలు మరింత బిగిశాయి. అప్పుడే గుంపును తోసుకుంటూ ఆశన్న భార్య లింగవ్వ వచ్చింది. హెల్మెట్ తీసిన భాగ్యలక్ష్మిని చూసి నోరు తెరిచింది.

"ఓయమ్మో, గీమె బస్సు భాగ్యమ్మ! మనుమనికి టికెటెందుకు, ఐదేండ్లే అంటే, నోరు తెరిపిచ్చి పండ్లు లెక్కవెట్టింది! గీమె దొంగైతే నేను దేశం ఇడిసిపోత!"

గుంపు చల్లబడింది. అనిల్‌కుమార్ జేబులోంచి క్లబ్బు కార్డు తీశాడు. ఆశన్న దాన్ని అటూ ఇటూ తిప్పి భాగ్యలక్ష్మికి అందించాడు. "పాసులు సూసిన చెయ్యి నీది. అసలుదా, దొంగదా, నువ్వే చెప్పు."

సాయిరాం మేనత్త చెవిలో గుసగుసలాడాడు. "దొంగదని చెప్పు అత్తా. గీయన పోతే ఇంకొకాయన వస్తడు, మల్ల పరీక్ష వెడ్తరు. అసలుదంటే మన సీటు గోవిందా."

భాగ్యలక్ష్మి కార్డును ఎండకు పట్టింది. గోటితో గీకింది. అనిల్‌కుమార్ గడ్డం పట్టుకుని ముఖం పక్కకు తిప్పి ఫొటోతో పోల్చింది. ఎడారి ఒక్క అబద్ధమంత దూరంలో ఉంది.

"అసలుదే," అంది. "మనిషి ఎట్లాంటోడో నాకు తెల్వదు. కార్డు మాత్రం అసలుది. ఇడిసిపెట్టుర్రి."

ఆశన్న వెంటనే తీర్పు చెప్పాడు. పడగొట్టినవాళ్లే పడ్డ చెరుకు నరికి కట్టలు కట్టాలి. బొలెరో పడగొట్టింది కూడా తక్కువేమీ కాదు కాబట్టి ముగ్గురికీ తలా ఒక కొడవలి దొరికింది. ముగ్గురూ నరకడం మొదలుపెట్టారు. చివరికి భాగ్యలక్ష్మి తలెత్తకుండానే అంది.

"ఇగ మేం అడిగేదేమున్నది సార్. సీటు ధర్పల్లోల్లకే ఇయ్యిర్రి."

"ఏ ధర్పల్లివాళ్లు?" అనిల్‌కుమార్ నడుము పట్టుకుని లేచాడు. "మీ మీద పోటీకి ఎవరూ లేరమ్మా. కొత్తవాళ్ల సీటుకు దేశం మొత్తంలో పేరిచ్చింది మీరొక్కరే. అది మీకు ఖాయమై చాలా రోజులైంది. మీకు నిజంగా జీపుందో లేదో ఒకసారి చూసి రమ్మన్నారు, అంతే."

సాయిరాం కొడవలి గాల్లో తిప్పుతూ ఎగిరాడు. ఆశన్న వచ్చి అతని చేతిలోంచి దాన్ని జాగ్రత్తగా తీసుకున్నాడు. భాగ్యలక్ష్మి మాత్రం ఎగరలేదు. కట్ట కట్టడం ఆపి, మేనల్లుణ్ణి రెక్క పట్టుకుని పక్కకు లాక్కెళ్లింది.

"సాయీ, ఇంత పెద్ద దేశంల ఒక్కలన్న పేరియ్యలేదంటే, గా ఎడారిల ఏందో ఉన్నదిరా."