మోనా వస్తోంది, పళ్ళు చూపించకండి

మగ్దలేనా నది ఒడ్డున సాన్ ఫెర్మీన్ ఊళ్లో పడవ నడిపే నెపో ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజధాని నుంచి తనిఖీకి అధికారిణి వస్తోంది. ఆవిడకి ముందు పాత చర్చి చూపించాలి, తర్వాత కొబ్బరన్నం, వేయించిన చేప పెట్టాలి, ఎండ చల్లబడ్డాక పడవలో చిత్తడి అడవికి తీసుకెళ్లాలి. ఆవిడకి నచ్చితే సంరక్షిత అడవిలోకి నెపో పడవకి అనుమతి నిలుస్తుంది. నచ్చకపోతే పడవ గట్టు మీద బోర్లా పడుకోవాల్సిందే. దాన్ని నమ్ముకున్న సంసారం కూడా అంతే.

"ఆవిడ మోనా అటనోయ్" అని ముందురోజే లాంచీవాడు చెప్పాడు. బంగారు రంగు జుట్టున్న ఆడమనిషిని మా నది పొడుగునా మోనా అంటాం. ఆడకోతినీ మోనా అనే అంటాం. తాతల నాటి నుంచీ అలాగే అంటున్నాం, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

నెపో పడవ కడుగుతుండగా భార్య గ్రిసెల్డా ఫోన్ పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది.

"ఏవయ్యా, మా తమ్ముడు చేశాడు. మోనా మనూరి వైపే వస్తోందట!"

ఆ తమ్ముడు ఎలియేసర్ అడవిలో కాపలాదారు. అక్కడ సిగ్నల్ సరిగ్గా అందదు కాబట్టి చెప్పదలచుకున్నది గబగబా చెప్పేసి పెట్టేస్తాడు. ఎదురు ప్రశ్న వేసే అవకాశం ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు.

"వాడికెలా తెలుసు?" అన్నాడు నెపో.

"బాగా ఎరుగునట. మహా కోపిష్టిదట. కళ్ళల్లోకి చూడకూడదట. నవ్వకూడదట. పళ్ళు కనిపించాయంటే మీదపడి కరుస్తుందట!"

"కరుస్తుందా!" నెపో చేతిలో చీపురు నదిలో పడింది. "ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి కరవడమేమిటే?"

"పెద్దవాళ్ళ అలవాట్లు మనకేం తెలుసు? అరటిపళ్ళు పెడుతూ ఉంటే నెమ్మదిస్తుందట. గంట గోపురం మాత్రం ఎక్కనివ్వద్దన్నాడు. పోయినసారి తాడు కొరికేసిందట."

లాంచీ వచ్చేలోగా ఈ సంగతి ఊరంతా పాకింది.

అధికారిణి లియోనోర్ పెద్ద టోపీ పెట్టుకుని నవ్వుతూ లాంచీ దిగింది. గట్టు మీద జనం అందరూ ఒక్కసారిగా తలలు దించుకుని తమ కాలివేళ్ళు చూసుకున్నారు. చర్చి ఫాదర్ ఆన్సెల్మో పెదాలు బిగించి, ఆవిడకివ్వాల్సిన ఆశీర్వాదం నేలకిచ్చాడు.

"ఊళ్లో ఎవరైనా పోయారా?" అని ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"లేదు డాక్టరమ్మగారూ" అన్నాడు నెపో నేలచూపులతో. రాజధాని నుంచి వచ్చిన ప్రతి అధికారీ మాకు డాక్టరే. "అరటిపండు తినండి."

పాపం, పొద్దుట ఏమీ తినకుండా బయల్దేరినట్టుంది, చకచకా రెండు తినేసింది. నెపోకి నమ్మకం కుదిరింది. బావమరిది చెప్పింది అక్షరాలా నిజం! మూడోది ఇచ్చాడు, నాలుగోది ఇచ్చాడు. ఐదోది చూసి ఆవిడ, "ఇక వద్దన్నానుగా!" అని గొంతు పెంచింది.

"కోపం వచ్చేస్తోందయ్యా, ఇంకోటివ్వు" అని గ్రిసెల్డా మొగుడి వీపు మీద పొడిచింది.

చర్చిలోకి వెళ్ళగానే ఆవిడ తిన్నగా గోపురం మెట్ల మీద కాలు పెట్టింది. నెపో చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"వద్దమ్మా, మీకు దణ్ణం పెడతాను! పోయినసారి తాడు కొరికేశారు."

"నేనా? తాడా?" ఆవిడ నిర్ఘాంతపోయింది. "నేనీ ఊరు రావడం ఇదే మొదటిసారి!"

"అలాగే అందాం తల్లీ. మేమెవరికీ చెప్పం."

ఆవిడ అతన్ని పక్కకి నెట్టి పైకి వెళ్ళిపోయింది. అంతలో మళ్ళీ ఫోన్ మోగింది. గ్రిసెల్డా "గోపురం ఎక్కేసిందిరా" అని ఏడుపు గొంతుతో చెప్పి, అవతలి మాటలు విని, పాలిపోయిన మొహంతో మొగుడి వైపు తిరిగింది.

"దిగగానే వల వెయ్యమంటున్నాడు. అరిస్తే తడి గోనెసంచి తల మీద కప్పాలట. దెబ్బ మాత్రం తగలకూడదట. వాడు బయల్దేరాడు."

"ప్రభుత్వం మీద వల వెయ్యమంటావా!"

"పొద్దుటి నుంచి వాడు చెప్పిందేదన్నా తప్పయిందా?"

నెపో గొణుక్కుంటూ వెళ్ళి పడవలోంచి విసురువల తెచ్చాడు.

పైన గంట మీద తీరిగ్గా కూర్చున్న అసలు మోనా, నిన్న అడవిలో ఎలియేసర్ కాపలా తప్పించుకొచ్చిన కోతి, ఆవిడ టోపీ లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. ఆవిడ గోపురం అదిరేలా కేక పెట్టి, జుట్టు విరబోసుకుని, అరుచుకుంటూ కిందికి దూకినంత పని చేసింది. నెపో కళ్ళు మూసుకుని విసురువల విసిరాడు. అతని వల గురి తప్పదని నది మీద పేరు. ఫాదర్ ఆన్సెల్మో కొసలు పట్టుకున్నాడు, గ్రిసెల్డా తడి గోనె కప్పింది. కేకలు ఠక్కున ఆగిపోయాయి.

"చూశావా, వాడు చెప్పినట్టే నెమ్మదించింది" అంది గ్రిసెల్డా.

ఎలియేసర్ రొప్పుకుంటూ వచ్చాడు. "ఏదీ బావా, దొరికిందా?"

"దొరికారు. ఒంటి మీద ఒక్క గీత పడనివ్వలేదు."

ఎలియేసర్ ముద్దుగా గోనె తీసి, కెవ్వుమని వెనక్కి పడ్డాడు. సరిగ్గా అప్పుడే పైన గంట మోగింది. తలెత్తి చూస్తే టోపీ పెట్టుకున్న కోతి. తల దించితే వలలో డాక్టరమ్మ. పైకీ కిందికీ చూస్తూ ఊరు ఊరంతా కొయ్యబారిపోయింది.

నెపో ఆవిడ మీదికి వంగాడు. వల ముడులు విప్పుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "నన్ను జైల్లో పెట్టించండమ్మా. పడవని మాత్రం ఆపకండి. మాకు ఇంకో ఆధారం లేదు" అన్నాడు.

ఆవిడ లేచి నిలబడి, జుట్టులోంచి చేప పొలుసు తీసి పారేసింది. "ముందు ఎవరో ఒకరు నా మొహం చూసి మాట్లాడండి."

నెపో భయపడుతూనే తలెత్తి, మోనా అంటే ఆవిడే అనుకున్న సంగతంతా చెప్పాడు.

"ఈ ఊరి పడవవాళ్ళు అడవి జంతువుల్ని హింసిస్తున్నారని మాకు ఫిర్యాదు వచ్చింది. నీ అనుమతి రద్దు చేద్దామనే వచ్చాను" అందావిడ. "పొద్దుటి నుంచి నన్ను కోతిని చూసినట్టు చూశారు. బెదిరించలేదు, కొట్టలేదు, కడుపు పగిలేలా మేపారు. వల కూడా ఎంత ఒడుపుగా వేశావయ్యా! జంతువుల విషయంలో మీ మీద నాకు అనుమానం లేదు. పడవ నడుపుకో."

నెపో నమ్మలేక నేల మీద చతికిలపడ్డాడు. గ్రిసెల్డా కళ్ళు తుడుచుకుని, "మరి మీకు జరిగిన మర్యాద సంగతో, అమ్మా?" అంది.

"మనుషుల సంగతి వేరే శాఖది. వాళ్ళు సోమవారం వస్తారు."