మొజాయిక్ మీద కట్టుడు పన్ను

నల్లటి నాపరాళ్లు పీకించి ఇల్లంతా మొజాయిక్ వేయించడం రాజ్యలక్ష్మి చేసిన తప్పు. చనిపోయినంత మాత్రాన ఆ తప్పు మాఫీ కాదు. ఆమె భర్త ఈశ్వరప్రసాద్ ఈ సంగతి ఏనాడో తేల్చేశాడు.

అది పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదవ సంవత్సర శ్రావణ మాసం. సాగరపవన సంసేవితమైన మచిలీపట్నం. కాఫీ పానానంతర ప్రశాంత ప్రభాతం. అట్టి వేళ దిగ్గజ ఘీంకార సన్నిభమైన ఒకే ఒక్క తుమ్ము, ఆ రిటైర్డు గుమాస్తా ముఖదుర్గ ద్వారపాలకమైన కట్టుడు పన్నును పెకలించి, శ్వేత పీత ధూసర శిలాశకల సంకులమైన ఆ నేలపై విసిరివేసింది. పడ్డ చప్పుడు వినిపించింది. పన్ను కనిపించలేదు. ఆ నేలలో ప్రతి రాయీ పన్నే.

పదింటికి గుడివాడ బస్సులో బావమరిది ధర్మారావు వస్తాడు. సొంత అక్క పెద్దకర్మకు రాని మనిషి. అతనికి చెప్పవలసిన నాలుగు మాటలు ఈశ్వరప్రసాద్ మూడేళ్లుగా నూరి పెట్టుకున్నాడు. ముందు పన్ను లేకపోతే అవి ఈలలవుతాయి.

పంచె ఎగగట్టి, జానుద్వయ సంచారియై, ఆ వీరుడు గర్జించాడు: “ఓరీ కపట పాషాణ సైన్యమా! నా యోధుణ్ణి అప్పగించు! లేకుంటే నిన్ను నాపరాళ్ల కింద సమాధి చేస్తాను!”

సైన్యం కదల్లేదు. పన్ననుకుని రాళ్లను గీకితే గోరు విరిగింది.

గర్జన విని పక్కింటి రాజకుమారి వచ్చింది. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు రాళ్లు పొదిగే మనిషి. ఆవగింజంత రాయి జారినా చూపుతోనే పట్టగల సూక్ష్మదృష్టి ధురంధరురాలు.

“ఏం పోయిందండీ బాబాయిగారూ?”

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “బీపీ మాత్ర.”

“ఏ రంగు?”

“ఎర్రది.”

ఆమె ఎరుపునే వెతికింది. పన్ను మీదుగా ఆమె చూపు రెండుసార్లు వెళ్లింది. ఆగలేదు.

“ఎర్రదైతే ఈపాటికి దొరికేదండీ. అసలు పోయిందేంటో సరిగ్గా చెప్తే కదా, కంటికి తెలిసేది!”

గడియారం పదికి పది నిమిషాలు చూపిస్తోంది. అభిమాన కిరీటం నేలకొరిగింది.

“పన్నమ్మా. కట్టుడుది.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! అదుగో, కుర్చీ కాలి పక్కన. ఇంకాస్త జరిగితే మోకాలికి గుచ్చుకునేది!”

కడిగి పెట్టుకున్నాడు. గేటు చప్పుడైంది. నాలుగు మాటలూ, ఒక్క ఈలైనా లేకుండా, శరపరంపరలై తగిలాయి. ధర్మారావు తల వంచాడు. దిక్కులారా, వినండి: ఈశ్వరప్రసాద్ గెలిచాడు!

మధ్యాహ్నం గోడ మీదుగా రాజకుమారి పలకరించింది. “పన్ను గట్టిగా కూర్చుందా బాబాయిగారూ?”

“ఏ పన్ను?” అన్నాడాయన.