రెండు గంటల కిరసనాయిలుకు ఒక కథానాయకుడు

కబ్బన్‌పేట ధర్మకేతు నాటక సమాజం వారు రసికులందరికీ సంతోషంతో తెలియజేయునది ఏమనగా: 'ధర్మకేతు విజయం' నాటకంలో అసలు కథానాయకుడు ఎవరన్న చిక్కుముడి, తాతల కాలం నుంచీ ఎవరికీ తెగనిది, మా ఉపసంఘం చేతిలో తెగిపోయింది. ఈ మహాకార్యానికి తోడ్పడిన ప్రపంచ యుద్ధానికి మా కృతజ్ఞతలు.

యుద్ధం ఎలా తోడ్పడిందంటారా? కిరసనాయిలు కరువైంది. మా నాటకం పొద్దుగూకి మొదలైతే కోడి కూసేదాకా సాగేది. ఈ ఏడు మాకు దక్కిన కిరసనాయిలుతో పెట్రోమాక్సు దీపాలు రెండు గంటలు వెలిగితే గొప్ప. కనుక నాటకాన్ని కత్తిరించక తప్పదు. నాయకుణ్ణి ఉంచి తక్కినవాళ్ళను తీసేస్తే సరిపోతుందని మా అధ్యక్షులు, పట్టు అంగడి ఆదినారాయణప్పగారు సెలవిచ్చారు. మరి నాయకుడెవరు? అది తేల్చడానికే ఉపసంఘం. దానికి నేను కార్యదర్శిని.

తెలియనివారి కోసం కథ చెబుతాను. ధర్మకేతు మహారాజు మొదటి రంగంలో ఒక మునికి మాటిచ్చి, అడవికి పోయి, కళ్ళు మూసుకుని తపస్సుకు కూర్చుంటాడు. చివరి రంగంలో కళ్ళు తెరుస్తాడు. మధ్యలో జరిగేవన్నీ చిల్లర పనులు. కరువొస్తే రాణి రత్నప్రభ నగలమ్మి ఊరికి గంజి పోయిస్తుంది. శత్రురాజు దండెత్తి వస్తే కత్తి పట్టి తరిమికొడుతుంది. రాజు తిరిగి రాగానే ఆయన నెత్తిన కిరీటం పెట్టి పక్కకు తప్పుకుంటుంది. అంతే, ఇంకేం లేదు.

రాజు వేషం మునినారాయణప్పది. తపస్సు రంగాల్లో ఆయన నిజంగానే నిద్రపోతాడు. గురక వినిపిస్తే జనం ఓంకారమనుకుని దండం పెడతారు. రాణి వేషం సరోజమ్మది. వర్తూరు, కాడుగోడి పక్క నాటకాలవాళ్ళు బండ్లు కట్టుకొచ్చి, ఆమె యుద్ధరంగం చూసి, అక్కడికక్కడే తాంబూలం చేతిలో పెట్టి తమ ఊరి నాటకానికి ఒప్పించుకుని పోతారు. ఏడాది పొడుగునా ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పిలుపులతోనే. ఇక్కడ వేషం పోతే అక్కడ పిలుపు పోతుంది. ఈ సంగతి ఉపసంఘానికి తెలియక కాదు. కానీ పొయ్యి అన్నది అలంకారశాస్త్రంలో లేదు.

ఉపసంఘం అధ్యక్షులవారి ఇంట్లో కొలువుతీరింది. బడిపంతులుగా పనిచేసి విరమించిన ఓబళప్పగారు శాస్త్రం విప్పారు. "నాయకులు నాలుగు రకాలప్పా. నాలుగు రకాలకీ మీసాలుండాయి!"

దీనితో సగం పని అయిపోయింది. శత్రురాజు వేషం వేసే నూనె అంగడి ఆవులప్ప, మీసాలు తనకూ ఉన్నాయని లేచాడు. మాట న్యాయమైనదే. కానీ ఆయన యుద్ధం చేసేది రాణితో. రాణిని తీసేస్తే ఎదుట నిలిచేవాళ్ళుండరు, యుద్ధమే ఉండదు. యుద్ధాన్ని ఇంత సులువుగా ఆపవచ్చునని లండనులోనూ బెర్లినులోనూ ఇంకా తెలియకపోవడం శోచనీయం.

ఇక మిగిలింది రాజు. నాటకానికి పేరు ఆయనదే. ఆయన లేని రంగాల్లో కూడా అందరూ ఆయన మాటే ఎత్తుతారు. ఉన్నచోట ఏమీ చేయక, లేనిచోట ఇంత పేరు తెచ్చుకున్నవాడు నాయకుడు కాక మరెవరు?

వాకిట్లో నిలబడి వింటున్న సరోజమ్మ లోపలికి వచ్చింది.

"అప్పా, ఒక్క మాట. రాజేమో అడవిలో కండ్లు మూసుకోని కూచోనుండాడు. నన్ను తీసేస్తే రాజ్యం ఎవురు చూసుకుంటారు?"

అధ్యక్షులు దయగా నవ్వారు. "చూసుకునేదానికి ఏముండాదమ్మా? రాజ్యం దాని పాటికి అది నడుస్తాది. నేను తెల్లారి అంగడికి పోతే దీపాలు పెట్టినాక వస్తా. మా ఇల్లు దాని పాటికి అది నడుస్తా ఉండాది కదా! తొట్టిలో నీళ్ళుంటాయి, తట్టలో అన్నముంటాది, బిడ్డలు పెద్దోళ్ళయినారు. ఎవురన్నా నడిపించినారా?"

అప్పుడే ఆయన భార్య భాగీరథమ్మ మా అందరికీ కాఫీ తెచ్చిపెట్టి లోపలికి పోయింది. తిరుగులేని ఈ ఉదాహరణకు మేం చప్పట్లు కొట్టాం, గ్లాసులు కింద పెట్టి. సరోజమ్మ మాత్రం కొట్టలేదు. ఆమెకు శాస్త్రపరిచయం తక్కువ.

నాటకం రోజు మైదానం నిండిపోయింది. గంటన్నర సేపు ధర్మకేతు తపస్సు చేశాడు. జనానికి తోచక వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు. "ఎంత సహజంగా చేస్తాండాడప్పా!" అని ముందు వరస పెద్దలు మెచ్చుకున్నారు. ఆఖరికి రాజును తట్టి లేపగా, ఆయన రాజధానికి వచ్చి, తాను లేని వేళ ప్రజలను కాపాడినదెవరని పద్యమెత్తుకున్నాడు.

ఆ పద్యం ముగిసేసరికి రాణి కిరీటంతో రావాలి. రాణి ఆడవాళ్ళ పక్క చాప మీద కూర్చుని ఉంది. రాజు మళ్ళీ పాడాడు. వన్స్‌మోర్ అన్నారు గనుక ఇంకోసారి పాడాడు. కాపాడినవాళ్ళెవరూ రాలేదు. హార్మోనియం ఒకే స్వరం పట్టుకుని మూలుగుతోంది.

అధ్యక్షులవారే పూనుకుని వేదికెక్కారు. "మహాశయులారా! రాజ్యాన్ని ఎవురు కాపాడినారని రాజావారు అడుగుతాండారు. చెప్పేదానికి మొహమాటమెందుకు? కాపాడినది మన సమాజం! ఈ కిరీటానికి జరీ ఇచ్చినది మన అంగడి!" అని స్వహస్తాలతో రాజుకు కిరీటం పెట్టారు. చప్పట్లు మిన్నంటాయి. వన్స్‌మోర్ అన్నారు. అధ్యక్షులు కళాభిమాని, ఉపన్యాసం మళ్ళీ మొదలుపెట్టారు. సగంలో దీపాలు బుస్సుమని ఆరిపోయాయి.

కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మగవాళ్ళందరం అగ్గిపెట్టె యాడ అని ఒకరినొకరం అడుగుతూ ఉన్నచోటే నిలబడ్డాం. ఆడవాళ్ళ పక్క నుంచి మాత్రం బిడ్డల పేర్లు పిలవడం, చాపలు చుట్టడం వినిపించింది. భాగీరథమ్మ గొంతు వేదిక దాకా వచ్చింది. "నా కొంగు పట్టుకోండి. ఇట్ల రాండి. ఆ పక్క గుంట ఉండాది." ఉపన్యాసం అక్కడితో ఆగింది.

వేదిక మీద నుంచి రాజు కేక వేశాడు. "సరోజమ్మా! మెట్లు కనపడతా లేవు. చెయ్యియ్యమ్మా, నీకు పుణ్యముంటాది!"

ఆమె వెళ్ళింది. చెయ్యి పట్టి రాజును మెట్టు మెట్టుగా దింపింది. కింద వర్తూరు వాళ్ళు బండికి కట్టిన లాంతరు తీసుకుని ఎదురొచ్చారు. లాంతరు ఎత్తి చూశారు, కిరీటం మెరిసింది. తాంబూలం రాజు చేతిలో పెట్టారు. "మా ఊర్లో గూడా ఇట్లే తపస్సు చెయ్యాలప్పా!"

రాజు ఒక చేత్తోనే తీసుకున్నాడు. రెండో చెయ్యి ఇంకా సరోజమ్మ చేతిలో ఉంది. ఆమె దాన్ని విడిచిపెట్టింది. "జాగ్రత్తప్పా, ముందర ఇంకో మెట్టుండాది" అని చెప్పి చీకట్లోకి నడిచిపోయింది.

నేను పక్కనే ఉన్నాను. వర్తూరు వాళ్ళతో ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నా కొంగు పట్టుకో అని మా ఆవిడ పిలుస్తోంది. పట్టుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు నివేదిక రాశాను. 'అసలు కథానాయకుణ్ణి గుర్తించడం వల్ల నాటకం జయప్రదమైనది. దీపాలు ఆరిన పిదప పురుషులందరూ ధైర్యం విడువక తమ తమ కుటుంబాలను చీకటిలో క్షేమంగా ఇళ్ళకు చేర్చినారు.' సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఇది అబద్ధమని తోచిన పాఠక మహాశయులు నిరభ్యంతరంగా చెయ్యెత్తవచ్చు. ఎత్తే ముందు ఆ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టండి. పెట్టి, అది మీ దగ్గరికి దాని పాటికి అది నడిచొచ్చిందేమో కనుక్కోండి.